511 గామా జంట దిక్కులు కొలవాలంటే

ఎమ్మెస్సీ న్యూక్లియర్ ల్యాబ్‌కి వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఒకటే: కోణాల స్కేలు జోలికి పోకముందే పాజిట్రాన్లు ఇచ్చే రేడియోధార్మిక సోర్స్‌ని సరిగ్గా మధ్యలో పెట్టండి. పాజిట్రాన్, అంటే పాజిటివ్ ఛార్జి ఉన్న ఎలక్ట్రాన్ జోడీ, పదార్థంలో దాదాపు ఆగిపోయాకే ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమవుతుంది. కాబట్టి అప్పుడు పుట్టే 511 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి కొలమానం) గామా కిరణాలు రెండూ ఎదురెదురు దిక్కులకి పోతాయి. ఆ గామాలని పట్టే రెండు డిటెక్టర్లు సోర్స్‌కి 25 సెం.మీ. దూరంలో ఉన్నప్పుడు సోర్స్ 5 మి.మీ. పక్కకి జరిగినా, జంటలు ఎక్కువగా దొరికే కోణం, అంటే గ్రాఫులో శిఖరం, 180 డిగ్రీల దగ్గర కాకుండా రెండు డిగ్రీల పైచిలుకు అవతల వస్తుంది. అది చూసి థియరీని అనుమానించేవాళ్లున్నారు. అనుమానించాల్సింది డిటెక్టర్‌ని తిప్పే టర్న్‌టేబుల్‌ని.

మేం వాడేది సోడియం-22. అర్ధాయువు 2.6 ఏళ్లు. బీరువాలో ఉన్నది 8 ఏళ్ల నాటిదైతే దాదాపు ఎనిమిదో వంతే మిగిలుంటుంది, కౌంట్ల కోసం సాయంత్రం దాకా కూర్చోవాలి. సోర్స్‌కి రెండువైపులా 1 మి.మీ. అల్యూమినియం రేకు ఆనించండి. లేదంటే కొన్ని పాజిట్రాన్లు బయటికి జారి వేరెక్కడో మాయమవుతాయి.

హై వోల్టేజి మెల్లగా పెంచి, రెండు అనలైజర్లనీ (ఎంచుకున్న శక్తి పరిధిలోని, అంటే విండోలోని, సిగ్నళ్లనే వదిలే పరికరాలు) 511 ఫోటోపీక్ (గామా శక్తంతా డిటెక్టర్‌లోనే ఆగినప్పుడు వచ్చే శిఖరం) చుట్టూ బిగించండి. ఆ తర్వాతే కోఇన్సిడెన్స్ యూనిట్, అంటే రెండు డిటెక్టర్ల సిగ్నళ్లు ఒకేసారి వస్తేనే జంటగా లెక్కపెట్టే పరికరం. అసలు చిక్కంతా ఇక్కడే. యూనిట్ రిజాల్వింగ్ టైం (రెండు సిగ్నళ్లని ఒకేసారి వచ్చినట్టు లెక్కించే వ్యవధి) అర మైక్రోసెకను, ఒక్కో డిటెక్టర్‌లో సెకనుకి 1000 కౌంట్లు అనుకోండి: ఏ సంబంధమూ లేని గామాలే సెకనుకి ఒకసారి జంటగా నమోదవుతాయి. చాలామంది 90 డిగ్రీల రీడింగ్‌ని ఇదే అనుకుని తీసేస్తారు. అది పూర్తిగా నిజం కాదు. సోడియం-22 ఇచ్చే 1275 కేఈవీ గామా కాంప్టన్ భాగం (డిటెక్టర్‌లో చెదిరి కొంత శక్తినే వదిలినప్పటి సిగ్నళ్లు) మన విండోలో పడి, 511తో నిజమైన జంట కడుతుంది. వట్టి యాదృచ్ఛిక జంటలే కావాలంటే ఒక సిగ్నల్‌ని కొన్ని మైక్రోసెకన్లు ఆలస్యం చేసి లెక్కపెట్టండి.

ఇక 165 నుంచి 195 దాకా రెండేసి డిగ్రీలు జరుపుతూ తీసుకోండి. శిఖరం దగ్గర కనీసం 1000 జంటలు రావాలి, అప్పుడు పొరపాటు 3 శాతం.

గ్రాఫులో శిఖరానికి వచ్చే వెడల్పు గామాలది కాదు, డిటెక్టర్‌లోని స్ఫటికానిది. రెండంగుళాల ముఖం 25 సెం.మీ. దూరానికి పదకొండున్నర డిగ్రీలు పరుచుకుంటుంది. అల్యూమినియంలో ఎలక్ట్రాన్ల కదలిక వల్ల వచ్చే అసలు తేడా దాదాపు 7 మిల్లీరేడియన్లు, అంటే అర డిగ్రీ కూడా లేదు. అది కనబడాలంటే డిటెక్టర్లని మీటర్ల దూరం జరిపి, ముందు సన్నటి సీసపు చీలికలు పెట్టాలి. మా బల్ల పొడవుకి అది కుదరదు.