స్లాబ్ పైన నీళ్లు, పిల్లర్ అడుగున కంకర: కాంక్రీట్ పొరలుగా విడిపోతే ఏం చేయాలి

సెంట్రింగ్ చెక్కలు విప్పగానే పిల్లర్ అడుగున కంకర రాళ్లు బయటికి కనిపిస్తుంటే, లేదా స్లాబ్ పోసిన గంటకే పైన నీళ్లు నిలబడితే చాలామంది సిమెంట్ కంపెనీని తిట్టుకుంటారు. నేను సైట్ల మీద చూసినంతవరకు సిమెంట్ తప్పు చాలా అరుదు. రెండు చోట్లా జరిగింది ఒకటే, కలిపిన మిశ్రమం గట్టిపడేలోపే పొరలుగా విడిపోయింది. ఒకచోట బరువైనది కిందికి దిగింది, ఇంకోచోట తేలికైనది పైకి వచ్చింది.

కారణం వంటింట్లోనే తెలుస్తుంది. పప్పుచారు కాసేపు కదపకుండా ఉంచితే పప్పు అడుగుకి పోయి పైన తేట నిలుస్తుంది. గట్టిగా రుబ్బిన గారెల పిండిలో మిరియం గింజ ఎక్కడ వేస్తే అక్కడే ఉంటుంది. కాంక్రీట్‌లో సిమెంట్ రేణువు నీటికంటే మూడు రెట్లకు పైగా బరువు, ఇసుక, కంకర రెండున్నర రెట్లకు పైగా బరువు. వీటన్నిటినీ మోస్తున్నది సిమెంటూ నీళ్లూ కలిసిన ముద్ద మాత్రమే. అది చిక్కగా ఉన్నంతసేపు మోస్తుంది, పలచబడితే వదిలేస్తుంది. ద్రవంలో గింజ ఎంత వేగంగా మునుగుతుందో 1851లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టాడు: గింజ సైజు రెట్టింపైతే వేగం నాలుగింతలు, ద్రవం చిక్కదనం సగానికి తగ్గితే వేగం రెట్టింపు. సన్నటి రేణువులకు చెప్పిన ఈ లెక్క 20 ఎంఎం కంకరకి అచ్చంగా కుదరదు గానీ, పెద్ద రాయి ముందు దిగుతుందని, నీళ్లు ఎక్కువైతే ఇంకా తొందరగా దిగుతుందని మాత్రం సైట్‌లో రోజూ కనిపిస్తుంది.

సమస్య: స్లాబ్ పోశాక పైన నీళ్లు తేలుతున్నాయి

పైన కొద్దిగా తడి మెరుపు రావడం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. అక్కడక్కడా మడుగులు కట్టి, వేలు పెడితే కింద పాలలాంటి పలచని పొర తగిలితేనే తేడా ఉన్నట్టు. మొదటి అనుమానం నీళ్ల మీదే పెట్టండి. మిల్లర్ (కాంక్రీట్ కలిపే యంత్రం) దగ్గర పైపు పట్టుకున్న మనిషి కొలత లేకుండా పోస్తుంటాడు, ఎందుకంటే పలచగా ఉంటే తట్ట సులువుగా జారుతుంది, పని తొందరగా తెముల్తుంది. సిమెంట్‌కి తాను గట్టిపడటానికి కావాల్సిన నీళ్లు దాని బరువులో సుమారు 38 శాతమే, అంటే 50 కిలోల బస్తాకి 19 లీటర్లు. మిగతాది మనం పోసుకోవడానికి, సర్దుకోవడానికి వీలు కోసం. కాంక్రీట్‌కి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం ఇనుము వేసిన కాంక్రీట్‌లో మామూలు వాతావరణంలో కూడా మొత్తం నీళ్లు సిమెంట్ బరువులో 0.55 వంతు దాటకూడదు, అంటే బస్తాకి 27.5 లీటర్లు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా తగ్గాలి. ఇందులో ఇసుకలో ఉన్న తడి కూడా లెక్కే: బస్తాకి పడే 80 కిలోల ఇసుకలో 5 శాతం తడి ఉంటే 4 లీటర్లు ముందే వచ్చేసినట్టు.

రెండో కారణం, ఇసుకలో సన్నటి గింజలు లేకపోవడం. రోబో సాండ్‌ని (రాయిని నూరి చేసే ఇసుక) మరీ గట్టిగా కడిగి పొడి అంతా తీసేస్తే, లేదా మరీ గరుకు ఇసుక తెస్తే, నీళ్లని పట్టి ఉంచేది ఏమీ ఉండదు.

ఇప్పటికే తేలిపోతే ఏం చేయాలంటే, ముందుగా ఏం చేయకూడదో చెప్తాను, అందరూ చేసేది అదే కాబట్టి. ఆ నీళ్ల మీద పొడి సిమెంట్ చల్లి తాపీతో రుద్దేస్తారు. నున్నగా, అందంగా కనిపిస్తుంది. కానీ నీళ్లతో పైకి వచ్చిన పలచని పొరని అలాగే లోపల పెట్టి మూత వేసినట్టే, కొన్ని నెలలకి అది పొడిపొడిగా రాలుతుంది. చల్లనివ్వకండి. గోనెసంచి గానీ స్పాంజి గానీ పైన పరిచి నీళ్లు పీల్చి తీసేయండి, ఆ మెరుపు పూర్తిగా పోయాకే చెక్క తాపీ పట్టండి. మిగిలిన బ్యాచ్‌లకి అప్పటికప్పుడే నీళ్లు తగ్గించండి. ఒక బకెట్ మీద గీత పెట్టి, పైపు తీసేసి, బకెట్‌తోనే పోయమనండి.

సమస్య: రాడ్ల వరుసనే సన్నని పగుళ్లు

ఇవి కొన్ని గంటల్లోనే వస్తాయి, సరిగ్గా కింద రాడ్ ఉన్న గీత వెంట. నీళ్లు పైకి వస్తుంటే మిశ్రమం కిందికి కుంగుతుంది, రాడ్ మాత్రం కదలదు కాబట్టి దాని నెత్తి మీద కాంక్రీట్ చీలుతుంది. పైకి కనిపించే పగులుకంటే రాడ్ కింద మిగిలే నీటి ఖాళీ నాకు ఎక్కువ భయం, అక్కడ రాడ్‌కి పట్టు తగ్గుతుంది. ఇంకా మెత్తగా ఉన్నప్పుడే చూస్తే చెక్క తాపీతో గట్టిగా కొట్టి మూసేయొచ్చు, లేదా ఇంకోసారి వైబ్రేటర్ (కాంక్రీట్‌ని అదిరించి సర్దే యంత్రం) పెట్టొచ్చు, అది నిజంగా పనిచేస్తుంది. గట్టిపడ్డాక ఇంజనీరుకి చూపించకుండా పైన పూత పూయొద్దు. ఎండాకాలంలో గాలి బాగా వీచినప్పుడు వచ్చే అడ్డదిడ్డం పగుళ్లు వేరు, అవి పైతడి మరీ త్వరగా ఆరిపోయి వచ్చేవి, వాటికి టార్పాలిన్ కప్పడమే మందు.

సమస్య: పిల్లర్ అడుగున కంకర గూడు

దీనికి నాలుగు కారణాలు ఉండొచ్చు, ఒక్కోసారి అన్నీ కలిసే వస్తాయి. మన దగ్గర ఇళ్లలో పిల్లర్‌ని పది అడుగుల పై నుంచి తట్టలతో కుమ్మరిస్తారు. ఐఎస్ 456 చెప్పేది మాత్రం కాంక్రీట్ 1.5 మీటర్లకి మించి స్వేచ్ఛగా పడకూడదని. అంత ఎత్తు నుంచి పడేటప్పుడు రాళ్లు రాడ్లకి తగిలి ముద్ద నుంచి వేరుపడి ముందుగా అడుగున చేరతాయి, ముద్ద తర్వాత వచ్చి పైనే ఆగిపోతుంది. కాబట్టి చెక్కకి మధ్యలో ఒక కిటికీ పెట్టించి సగం అక్కడి నుంచి పోయించండి, లేదా రెండు దఫాలుగా కట్టించండి. చెక్కల సందుల్లోంచి సిమెంట్ పాలు కారిపోవడం రెండో కారణం, అడుగు అంచున టేపో బంకమన్నో పెడితే పోతుంది. వైబ్రేటర్ సూది అడుగుదాకా వెళ్లకపోవడం మూడోది. అలాగని ఎక్కువసేపు పెట్టినా ముప్పే, పలచని మిశ్రమంలో రాళ్లు ఇంకా కిందికి దిగుతాయి. సూది నిలువుగా దించి, బుడగలు ఆగి పైన మెరుపు రాగానే, మామూలుగా 5 నుంచి 15 సెకన్లలో, మెల్లగా పైకి తీయాలి. స్లాబ్‌లో కాంక్రీట్‌ని ఆ సూదితో పక్కకి నెట్టనివ్వకండి.

నాలుగోది ఎవరూ పట్టించుకోనిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది: ఇసుక ఉబ్బు. తడి ఇసుకలో గింజ చుట్టూ నీటి పొర ఉండి గింజల్ని ఎడంగా నెడుతుంది, అందుకని అదే ఇసుక ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పెట్టెతో కొలిచి పోసేటప్పుడు నాలుగు పెట్టెలు వేశామనుకుంటే అసలు ఇసుక మూడు పెట్టెల చిల్లరే పడుతుంది, రాళ్ల మధ్య ఖాళీ నింపేదే తగ్గిపోతుంది. వాన పడిన మర్నాడు పోసిన పిల్లర్లలో గూడు ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. కొలుచుకోవడం సులువు: నిలువు గోడల గాజు గ్లాసులో తడి ఇసుక వదులుగా 20 సెం.మీ. పోయండి. అదంతా బయటికి తీసి, గ్లాసులో సగం నీళ్లు పోసి, ఇసుక తిరిగి వేసి కదిపి వదలండి. 16 సెం.మీ.కి దిగితే ఉబ్బు 25 శాతం, అంటే నాలుగు పెట్టెలకి బదులు ఐదు వేయాలి.

ఇప్పటికే గూడు పడితే ప్లాస్టరింగ్‌తో కప్పేయొద్దు. సుత్తితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చే చోటల్లా లోపల ఖాళీ ఉన్నట్టే. లోతు పైకవరు (రాడ్లని కప్పే కాంక్రీట్ పొర) వరకే అయితే వదులు రాళ్లని ఉలితో తీసేసి, కడిగి, తడి ఉంచి పాలిమర్ మోర్టార్ నింపొచ్చు. రాడ్ల వెనక దాకా పోయి ఉంటే చెక్కకముందే పైబీముకి జాకీలు పెట్టి బరువు ఆపాలి, తర్వాత కుంచించుకుపోని గ్రౌట్ (ఖాళీల్లో పోసే పలచని సిమెంట్ మిశ్రమం) గానీ మైక్రో కాంక్రీట్ (సన్నరాళ్లతో చేసే కాంక్రీట్) గానీ పోయాలి, ఎంతవరకు చెక్కాలో స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి. మా బంధువుల ఇంట్లో మేస్త్రీ పూసేసిన గూడు ఒకటి ఇలాగే తట్టి పట్టుకున్నాం. పైకి అరచేయంత కనిపించినది లోపల మూరెడు పొడవుంది.

సమస్య: లారీలో వచ్చిన రెడీమిక్స్ విడిపోయింది

కుప్ప పోస్తే మధ్యలో రాళ్లు, చుట్టూ నీటి వలయం. సాధారణంగా సైట్‌లో ఎవరో నీళ్లు పోయించి ఉంటారు, లేదా ప్లాంట్‌లో మిశ్రమం జారేలా కలిపే రసాయనం డోసు ఎక్కువైంది. ముందు డ్రమ్ముని కొన్ని నిమిషాలు వేగంగా తిప్పించి మళ్లీ ఒక తట్ట తీసి చూడండి. కుదిరితే వాడండి, కుదరకపోతే వెనక్కి పంపండి. గంటసేపు గొడవైనా పర్లేదు. చలానా మీద నింపిన టైం రాసి ఉంటుంది, అప్పటి నుంచి రెండు గంటల్లో దింపేయాలి, ఆలస్యమైందని నీళ్లు కలపనివ్వకూడదు.

ఇసుక లారీ దిగిన రోజే ఇంకో చిన్న పరీక్ష చేయండి, ఈసారి పొరలు విడిపోవడమే మనకి పనికొస్తుంది. గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా ఊపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. గరుకు ఇసుక అడుగున, సన్నది దాని మీద, బురద అన్నిటికంటే పైన పొరగా నిలుస్తుంది. ఆ బురద పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లారీని వెనక్కి పంపండి.