ఇసుక సీజన్ వార్తలకు వెళ్లే ముందు ఇంట్లో చెప్పి పెట్టాల్సినవి

స్వర్ణముఖిలో నీళ్లు ఇంకి ఇసుక తేలిందంటే తిరుపతి, శ్రీకాళహస్తి వైపు రాత్రిళ్లు ట్రాక్టర్ల రొద మొదలవుతుంది. వాటితోపాటే మన స్ట్రింగర్లకు (జీతం ఉద్యోగం లేకుండా పత్రికలకు వార్తలు పంపే ఊరి విలేకరులకు) బెదిరింపులూ మొదలవుతాయి. శేషాచలం అంచున ఎర్రచందనం వార్తలు రాసేవాళ్లకైతే ఏడాది పొడుగునా ఇదే సీజన్. దారి కాసి కొడతారన్న భయం అందరికీ ఉంటుంది. రాసినందుకు మన మీదే కేసు పెట్టి లోపలేస్తే ఏం చేయాలో మాత్రం ముందుగా ఎవరమూ ఆలోచించం.

కొన్నేళ్ల కిందట నాతో తిరిగిన ఓ విలేకరిని అలాగే తీసుకెళ్లారు. ఫోన్ లాక్కున్నారు. కబురు పంపుదామంటే భార్య నంబరు కూడా అతనికి నోటికి రాదు. ఆ రాత్రంతా వదిన ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. మర్నాడు కోర్టు వరండాలో అతన్ని చూశాను. మే నెల ఎండలో పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు. "ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అని మెజిస్ట్రేట్ అడిగితే "లేదు సార్" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ములాఖత్‌లో చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. దెబ్బలు అప్పటికే పసుపు రంగుకు తిరిగాయి.

అందుకే అన్నిటికన్నా ముందు ఈ మాట చెబుతున్నాను. మెజిస్ట్రేట్ ముందు నిలబడినప్పుడు దెబ్బలుంటే చూపించండి, రికార్డు చేయమని అడగండి. అరెస్టైన వ్యక్తికి వైద్య పరీక్ష చేయించాలి, ఆ రిపోర్టు కాపీ మనకివ్వాలి. అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 53వ సెక్షన్ చెప్పేది ఇదే. పక్కన పోలీసులున్నారని నోరు మూసుకుంటే ఆ తర్వాత నిరూపించడం చాలా కష్టం. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచాలని లాయర్‌తో వెంటనే అర్జీ పెట్టించండి.

రెండు నంబర్లు కంఠతా పట్టండి: ఇంటిదొకటి, లాయర్‌దొకటి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరు చీటీ జిరాక్స్ ఇంట్లో ఉంచండి, అది లేకుండా జైల్లోకి మందులు పంపడం పెద్ద టెన్షన్.

అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని ఇంట్లో వాళ్లు అడగాలి. న్యూస్‌క్లిక్ వార్తా వెబ్‌సైట్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ అరెస్టు చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు తేల్చింది ఆ కాగితం ఇవ్వలేదనే. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం హక్కు.

స్ట్రింగర్లకు ఇంకో బాధ ఉంది. కేసు పడగానే "అతను మా ఉద్యోగి కాదు" అని యాజమాన్యాలు చేతులు దులుపుకుంటాయి. ఇది చూసి చూసి నా గుండె మండిపోయింది. మీరు వాళ్లకు వార్తలు రాస్తున్నట్టు సీజన్‌కు ముందే ఆఫీసు డెస్క్ నుంచి లెటర్ తీసుకోండి. వెళ్లే చోటు, టైము వాట్సాప్‌లో డెస్క్‌కు పెట్టండి. రేపు అదే సాక్ష్యం.

సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు ఫోన్‌లో ఉండనే కూడదు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం సోర్స్ చెప్పమని విలేకరిని బలవంతపెట్టకూడదంటుంది కానీ అది కౌన్సిల్ ముందు జరిగే విచారణల వరకే. ఫోన్ తీసుకుంటే జప్తు జాబితా కాపీ అడగండి. నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు వీడియో తీయాలి.

లోపలున్న మనిషిని బయటివాళ్లు మరిచిపోకూడదు. కేరళ విలేకరి సిద్దిఖ్ కప్పన్‌ను 2020 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని హత్రాస్‌కు వెళ్లే దారిలో అరెస్టు చేశారు. కోవిడ్ సోకిన ఆయన్ను మథుర ఆస్పత్రిలో మంచానికి గొలుసుతో కట్టేశారని భార్య ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాయించారు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీకి మార్చమంది. ఆయన విడుదలైంది 2023 ఫిబ్రవరిలో. ఆవిడ గొంతెత్తకపోతే గొలుసు సంగతి దేశానికి తెలిసేదే కాదు.

ములాఖత్‌కు ఖాళీ చేతులతో వెళ్లకండి, చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లండి. లోపలికి అనుమతించకపోతే బయటికి రాగానే గేటు దగ్గరే కూర్చుని రాయండి: నిద్ర పడుతోందా, మందు అందిందా, ఒంటి మీద ఏం కనిపించింది. పైన తేదీ, టైము వేసి, ఆ పేజీ ఫోటో లాయర్‌కు పంపి ఇంటికి బయల్దేరండి.