ఇంట్లోనే కాఫీ గింజలు వేయించుకుందాం – 3వ పాఠం: చిటపట నుంచి దింపేదాకా

పోయిన పాఠంలో పచ్చి గింజల్లోంచి రాళ్లు, పుచ్చులు, నల్లవి ఏరేసి 150 గ్రాములు తూచి పెట్టుకున్నాం. ఇక పొయ్యి వెలిగిద్దాం.

అడుగు మందంగా ఉన్న ఇనుప కడాయి కావాలి. నాన్‌స్టిక్ వద్దు, ఇంత వేడిని ఆ పూత తట్టుకోదు. కిటికీ తెరిచి ఫ్యాన్ మాత్రం ఆపండి. గాలికి మంట ఊగితే వేడి నిలకడగా ఉండదు. చిమ్నీ ఉంటే తక్కువ వేగంలో నడపండి, ఎందుకంటే ఈ పనిలో కంటికన్నా చెవే ముఖ్యం.

కడాయిని మధ్యస్థ మంట మీద మూడు నిమిషాలు కాగనిచ్చి గింజలు పోయండి. చెక్క గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూనే ఉండాలి. ఫోను మోగినా చెయ్యి ఆగకూడదు. ఆగితే గింజ బల్లపరుపు వైపున నల్ల మచ్చ పడుతుంది, కాఫీలో మాడు రుచి తేలుతుంది. గుండ్రంగా ఉండే పీబెర్రీ గింజలు బాగా దొర్లుతాయి కాబట్టి కొత్తవాళ్లకు అవే సుఖం.

నాలుగైదు నిమిషాలకు ఆకుపచ్చ పోయి పసుపు తిరుగుతుంది. పచ్చిగడ్డి వాసన తగ్గుతుంది. తర్వాత గోధుమరంగు వచ్చి, పొట్టు రాలి, పొగ మొదలవుతుంది.

తొమ్మిది, పదకొండు నిమిషాల మధ్య మొదటి చిటపట వినిపిస్తుంది. గింజ వేడి 196 డిగ్రీల దగ్గరికి చేరాక లోపలి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి గింజ పగిలే చప్పుడిది. పేలాలు పేలినట్టు గట్టిగా, విడివిడిగా ఉంటుంది. ఒకటీ అరా చప్పుళ్లను పట్టించుకోకండి. వరసగా వినబడ్డప్పుడు గడియారం చూడండి.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. చప్పుడు వినగానే కంగారుపడి మంట పూర్తిగా తగ్గించేస్తారు. వేపుడు మధ్యలో నిలిచిపోయి కాఫీ చప్పగా తయారవుతుంది, పొడి ఎంత ఎక్కువ వేసినా రుచి తిరిగి రాదు. మంట కొద్దిగా తగ్గిస్తే చాలు. పాలు కలపకుండా తాగేవాళ్లు ఒకటిన్నర నిమిషానికి దింపవచ్చు. డికాక్షన్ తీసి పాలు కలిపేవాళ్లకు రెండున్నర నుంచి మూడు నిమిషాలు కావాలి. ఆ తర్వాత సన్నగా, వెంటవెంటనే రెండో చిటపట మొదలై గింజ మీద నూనె మెరుస్తుంది. మంచి అరకు అరబికాను అంతదాకా తీసుకెళ్తే దాని సొంత రుచి పోతుంది, మేమైతే వద్దంటాం. చికోరీ కలిపే రోబస్టాకు ఫర్వాలేదు. ఈ రెండు రకాలనూ విడివిడిగా వేయించాకే కలపండి.

దింపాక కూడా గింజ తన వేడికి తానే వేగుతుంది. కాబట్టి కోరుకున్న రంగుకు పది సెకన్ల ముందే స్టీలు జల్లెడలోకి వంచండి. ఇప్పుడు ఫ్యాన్ పూర్తి వేగంతో పెట్టి, రెండు జల్లెడల మధ్య మార్చిమార్చి పోయండి. పొట్టు ఎగిరిపోతుంది. నాలుగు నిమిషాల్లో చేతికి గోరువెచ్చగా తగలాలి. మే నెల హైదరాబాద్ ఎండల్లో గది గాలే వేడిగా ఉంటుంది కాబట్టి పెద్ద పళ్లెంలో పలచగా పరచండి. నీళ్లు చల్లవద్దు.

చల్లారాక తూచండి. 126–129 గ్రాములు తూగితే మధ్యస్థ వేపుడు. 132 దాటితే తక్కువ వేగినట్టే, కాఫీ పుల్లగా ఉంటుంది. 123కి దిగితే ముదిరింది.

డబ్బా మూత పన్నెండు గంటలు వదులుగా ఉంచి తర్వాత బిగించండి. లోపలి వాయువు పోకముందే ఫిల్టర్‌లో వేస్తే పొడి పొంగి, నీళ్లు సరిగా దిగవు. మూడో రోజుకు సిద్ధం. మర ఆడించడం వచ్చే పాఠంలో, అప్పటిదాకా గింజలుగానే ఉంచండి.