ఫోన్ లాక్కోకండి, పెంకులు పేర్చండి

పిల్లాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని "పో, బయటికెళ్లి ఆడుకో" అంటే వెళ్లడు, ఏడుస్తాడు. వెళ్లినా అక్కడ ఎవరూ లేకపోతే పది నిమిషాల్లో తిరిగొచ్చేస్తాడు. కాబట్టి ముందు జత చూడండి. మీ వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో ఇంకో ఇద్దరు ముగ్గురు అమ్మానాన్నలతో మాట్లాడి, సాయంత్రం ఐదున్నరకి పిల్లల్ని ఒకేసారి కిందికి పంపేలా టైమ్ పెట్టుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

మొదటి వారం మీరూ దిగాలి, తప్పదు. ఏడు పెంకులాట నేర్పండి: పగిలిన పెంకుముక్కలో చదునైన రాళ్లో ఏడు ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు బంతితో కొట్టి పడగొట్టాక, అవతలి జట్టు అదే బంతితో తమని కొట్టేలోపు మళ్లీ పేర్చేయాలి. బంతి మెత్తటిదైతే, పాత సాక్సులు ఉండచుట్టినా సరే, పార్క్ చేసిన కార్ల గురించి టెన్షన్ ఉండదు. చోటు తక్కువైతే సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడు బిళ్ల ఆడించండి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు బాగా కదలాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకైతే స్క్రీన్ గంట దాటొద్దని కూడా. మే నెల ఎండల్లో మాత్రం పొద్దున్నే ఏడులోపో, సాయంత్రం ఆరు దాటాకో పంపండి.

బట్టలు మాసిపోతే తిట్టకండి. ఇంకోటి, వాళ్లు ఆడుతుంటే పక్కన బెంచీ మీద కూర్చుని మనం రీల్స్ చూడకూడదు (నేను దొరికిపోయాను, "నువ్వు చూడొచ్చా నాన్నా?" అని అడిగేసింది మా పాప).