తార్నాక ఆర్కైవ్స్‌లో మీ బస్తీ చరిత్ర వెతికే ముందు

వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లోని మీ పాత గల్లీ కథ తవ్వాలనుకుంటే, పాత సర్కారీ కాగితాలు దాచిన తార్నాక ఆర్కైవ్స్‌కు ఇవి చూసుకుని బయల్దేరండి.

సంవత్సరం ఏ లెక్కలో ఉందో మొదట తేల్చుకోండి. నిజాం కాలం కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం), హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన సంవత్సరం) రెండూ ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హిజ్రీకి ఆ లెక్క కుదరదు. 1326 హిజ్రీ అంటే 1908, మూసీ వరద వచ్చిన ఏడాది. 1326 ఫసలీ అంటేనేమో 1916-17. ఇక్కడ పొరబడితే వరదలో పోయిన ఇంట్లో మళ్లీ మనుషుల్ని కాపురం పెట్టినట్టే!

ఉర్దూ చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి. 1880ల దాకా ఆఫీసు భాష ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ. ఇంగ్లీషు కాగితాలతోనే సరిపెట్టుకుంటే సగం కథే దొరుకుతుంది.

మన్ మ్యాపులు, అంటే లియోనార్డ్ మన్ సర్వే చేయించిన హైదరాబాద్ పటాలు చూస్తారా? అవి 1912-15 నాటివి, అంటే వరద తర్వాతి ఊరు. అంతకుముందు ఏముందో వాటిలో వెతకొద్దు.

ఫైలు నంబరు అప్పుడే రాసుకోండి, అదీ పెన్సిల్‌తో. పెన్ను సిరా పాత కాగితానికి అంటితే పోదు.

అనుమతి, పనివేళలు ముందురోజే కనుక్కోండి. ఫొటోల సంగతి కూడా.