సంకరణ పాఠాలు – 4: గింజ ఎక్కడ ఆగిపోయింది?

గోధుమ కంకిలో కేసరాలు తీసేసి రై (గోధుమకు చుట్టమైన ఒక ధాన్యం) పుప్పొడి అద్దడం కిందటి భాగంలో చూశాం. ఇప్పుడు కంకి ఎండింది, గింజ లేదు. మళ్లీ పుప్పొడి అద్దేముందు, పని ఏ దశలో ఆగిందో కనిపెట్టాలి. మందు దాన్నిబట్టే ఉంటుంది.

ముందు కీలం, అంటే పుప్పొడి నాళం అండాశయంలోకి దిగే కాడ, చూడండి. పుప్పొడి అద్దిన మర్నాడు కొన్ని అండకోశాలు తీసి, అనిలిన్ బ్లూ రంగు పట్టించి, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద పెడితే పుప్పొడి నాళాలు మెరుస్తూ కనిపిస్తాయి. అవి కీలం అడుగున, అండాశయం గోడ దగ్గర నిలిచిపోయాయా? అయితే అడ్డుపడింది తల్లి మొక్కే. 5బి క్రోమోజోము మీది కెఆర్1, 5ఎ మీది కెఆర్2 జన్యువుల బహిర్గత (డామినెంట్) రూపాలు రై నాళాన్ని ఆపేస్తాయి. వీటిలో కెఆర్1 గట్టిది. చైనీస్ స్ప్రింగ్ అనే గోధుమ రకంలో ఇవి రెండూ అంతర్గత (రిసెసివ్) రూపంలో ఉండడంతో అది రైతో తేలిగ్గా కలుస్తుంది. కాబట్టి తల్లి రకాన్ని మార్చండి. ఎంత పుప్పొడి పోసినా లాభం లేదు.

గింజ పట్టి ముడుచుకుపోతే అంకురచ్ఛదం, అంటే పిండానికి తిండి పెట్టే కణజాలం, చెడినట్టు. పిండం ఆకలితో చావకముందే, అంటే సుమారు రెండు వారాలకు, దాన్ని బయటికి తీసి పోషక మాధ్యమంలో పెంచాలి. దానికి విడిగా ఒక పాఠం ఉంది.

అన్నిటికంటే మోసం చేసేది మూడో దశ. మొక్క ఏపుగా పెరుగుతుంది, కంకి వేస్తుంది, తీరా చూస్తే అంతా తాలు. గోధుమ నుంచి 21, రై నుంచి 7 కలిసి 28 క్రోమోజోములు వచ్చాయి కానీ దేనికీ సరైన జోడీ లేదు. పుప్పొడి, అండం తయారయ్యే క్షయకరణ విభజనలో అవి చెల్లాచెదురైపోతాయి. క్రోమోజోములను రెట్టింపు చేసే కాల్చిసిన్ అనే రసాయనంతో సంఖ్యను 56 చేస్తే జోడీలు కుదురుతాయి. గోధుమ–రై సంకర పంట ట్రిటికేల్ పుట్టే దారుల్లో ఇదొకటి. అయినా గోధుమ, రై క్రోమోజోములు మామూలుగా ముక్కలు మార్చుకోవు. 1958లో బయటపడ్డ పిహెచ్1 జన్యువు అసలు జోడీలు కాక చుట్టరికం మాత్రమే ఉన్న క్రోమోజోములను జతకట్టనివ్వదు. ఇదీ 5బి మీదే! ఒకే క్రోమోజోము రెండు చోట్లా అడ్డుపడడం నాకు ఇప్పటికీ వింతే. రై నుంచి ఒక్క గుణమే కావాలనుకుంటే పిహెచ్1 లోపించిన గోధుమతో మొదలుపెట్టడం ఒక దారి.

మొలక వచ్చిందని సంబరపడేముందు వేరు కొనలో క్రోమోజోములు లెక్కపెట్టండి. 28 అయితే సంకరం. 42 వస్తే అది మామూలు గోధుమే: కేసరాలు సరిగ్గా తీయలేదు, ఆత్మ పరాగసంపర్కం జరిగింది. 21 వస్తే గోధుమ హాప్లాయిడ్, అంటే సగం క్రోమోజోములే ఉన్న మొక్క. మొక్కజొన్న పుప్పొడి వాడినప్పుడు ఇది మామూలే, ఎందుకంటే ఫలదీకరణ తర్వాత మొక్కజొన్న క్రోమోజోములు రాలిపోతాయి.

అభ్యాసం: డ్యూరమ్ అనే మరో జాతి గోధుమలో 28 క్రోమోజోములు. రై పుప్పొడితో వచ్చిన మొలకలో 21 కనిపించాయి. ఇది సంకరమా, హాప్లాయిడా? సంఖ్య రెట్టింపు చేస్తే ఎంత, ఏమవుతుంది? జవాబు వచ్చే భాగంలో.