వంటింటి చెత్త బుట్టలో పడేముందు ఒకసారి చూడండి

పాత సీసాలకు రంగులేసి షోకేసులో పెట్టమని నేను చెప్పను, నెల తిరక్కుండా దుమ్ము పట్టి అవీ చెత్తలోకే పోతాయి. డబ్బులు పెట్టి కొనే వస్తువు ఒక్కటైనా తగ్గితేనే ఆ శ్రమకు ఫలితం.

ముందు చింతపండు పిప్పి. పులుసు పిండగా మిగిలినదాంట్లో కాస్త రాళ్ల ఉప్పు కలిపి ఇత్తడి కుందులకు, రాగి చెంబుకు పట్టించి ఐదు నిమిషాలు ఉంచి, కొబ్బరి పీచుతో రుద్దండి. చింతపండు పులుపుకు చిలుము కరిగి లోపలి మెరుపు బయటపడుతుంది. కడగ్గానే పొడిబట్టతో తుడవాలి, తడి అలాగే ఆరితే మచ్చలు పడతాయి. ఇనప పెనానికి మాత్రం ఇది వాడొద్దు, నూనె పట్టి నునుపెక్కిన పొర పోయి తుప్పొస్తుంది.

నిమ్మ, బత్తాయి, నారింజ తొక్కలతో ఇల్లు తుడిచే ద్రావణం తయారవుతుంది, దీన్నే బయో ఎంజైమ్ అంటున్నారు. లెక్క తేలిక: బెల్లం ఒక వంతు, తొక్కలు మూడు వంతులు, నీళ్లు పది వంతులు. అంటే 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల తొక్కలు, లీటరు నీళ్లు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో పోసి పైన ఖాళీ వదలండి. గాజు సీసా అస్సలు వద్దు, పులిసేటప్పుడు గ్యాస్ పుట్టి పగిలే ప్రమాదం ఉంది. మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గ్యాస్ పోనిచ్చి మళ్లీ బిగించాలి, తర్వాత అప్పుడప్పుడు చాలు. మూడు నెలలకు వడకట్టి, సగం బకెట్ నీళ్లలో చిన్న గ్లాసుడు కలిపి గచ్చు తుడవండి. మార్బుల్ మీద వాడకండి, పులుపుకు రాయి మెరుపు పోతుంది. బ్లీచింగ్‌తో కలపడం ప్రమాదం, విషవాయువు వస్తుంది. మిగిలిన పిప్పి కొంచెం తర్వాతి సీసాలో వేస్తే అది త్వరగా పులుస్తుంది.

బియ్యం కడిగిన నీళ్లు ఏ పూటవి ఆ పూట మొక్కలకు పోసేయండి, నిల్వ ఉంటే వాసన. ఉప్పు కలవని పుల్ల మజ్జిగ మిగిలితే నీళ్లు కలిపి కరివేపాకు మొదట్లో పోయొచ్చు.

అర లీటరు పాల ప్యాకెట్‌ను పైన మాత్రమే కత్తిరించి, కడిగి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి మట్టి నింపితే టమాటా, మిరప నారుకు సరిపోతుంది, నర్సరీ సంచులు కొనక్కర్లేదు. నారు తీసి నాటాక ప్యాకెట్ కడిగి ఆరబెట్టి పాత సామాన్ల వాళ్లకు వేయండి.

పాత నూలు చీరలు, లుంగీలు బొంతకో, మసిగుడ్డలకో వస్తాయి, పాలియెస్టర్ తడి పీల్చదు కాబట్టి తుడవడానికి పనికిరాదు.

పురుగుమందు డబ్బాలు మాత్రం ఎంత కడిగినా ఇంట్లో దేనికీ వాడకండి, మొక్కలకు నీళ్లు పోయడానికి కూడా.